భీమిలి దారిలో ఎర్రమట్టి

విశాఖ నుంచి భీమిలికి బీచ్ రోడ్డులో బస్సెక్కితే కుడివైపు కిటికీ కోసం కాస్త గొడవపడినా తప్పులేదు. సముద్రం దారి పొడుగునా అటే ఉంటుంది. ఎడమపక్క కొండలు, వాటి మీద ఐటీ భవనాల అద్దాలు. ఋషికొండ బీచికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. మంగమారిపేట దగ్గర ఒడ్డున కర్రతెప్పల కన్నా ఇంజన్ బిగించిన ఫైబర్ పడవలే ఎక్కువ కనిపిస్తాయి. రోడ్డుకి అవతల తొట్లకొండ. రాతిలో తొలిచిన నీటితొట్ల వల్ల ఆ పేరు. 1970లలో నావికాదళం స్థలం చూసుకోవడానికి వచ్చేదాకా, కొండ మీద రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధారామం ఉందన్న సంగతే మరుగున పడి ఉంది.

భీమిలి చిన్న ఊరే, కానీ మునిసిపాలిటీ 1861 నాటిది. డచ్చివాళ్ల సమాధులు ఇంకా ఉన్నాయి. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారే గోస్తని ఇక్కడే సముద్రంలో కలుస్తుంది.

ఎర్రమట్టి దిబ్బల్ని మాత్రం తిరుగు ప్రయాణానికి ఉంచుకోండి. సాయంత్రపు ఎండలో వాటి రంగే వేరు. పేరుకి మట్టిగానీ, నిజానికి ఇసుక. గుప్పెడు తీసి నలిపితే వేళ్లకు కుంకుమలా అంటుతుంది. వేల ఏళ్ల కిందట సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి ఎగరేసుకొచ్చి ఇక్కడ పోసింది. అందులోని ఇనుము తుప్పు పట్టి ఎర్రబారింది. వాన దాన్ని కోసి నిలువు గోడలు, ఇరుకు సందులు చేసింది. జీడిమామిడి చెట్ల వేళ్లు ఆ గోడల్లోంచి తొంగిచూస్తుంటాయి.

2014లో భూవారసత్వ స్థలంగా గుర్తించారు. అయినా దిబ్బల చుట్టూ లేఅవుట్ల బోర్డులు తప్పలేదు. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి ఇటు భూముల ధర పెంచనివాడు లేడు. అభివృద్ధి వద్దనను, ఈ రోడ్డు బాగుండబట్టే కదా నేనూ గంటలో వచ్చిపడ్డాను! కాకపోతే ఆ ఇసుకను బయటపెట్టిన సముద్రం మళ్లీ ముందుకొచ్చేసింది. చదును చేసిన దిబ్బను తిరిగి పోసేవాళ్లెవరూ లేరు.

మీరు వెళితే కింది సందుల్లోనే నడవండి. ఫొటో కోసం అంచులెక్కకండి, కాలు పెట్టిన చోటల్లా జారిపోతుంది.