307వ స్థానం

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ స్టేషన్లు దాటితే వచ్చే ఎల్‌బీనగర్‌లోని కామినేని ఆసుపత్రికి జన్యుశాస్త్ర విభాగం ఉంది. అక్కడి నుంచి నాగోల్, ఉప్పల్ మీదుగా సాగిన సందర్శకుడికి హబ్సిగూడలో కణాలపై, జన్యువులపై పరిశోధించే సీసీఎంబీ ఎదురవుతుంది. వంశపారంపర్య వ్యాధుల గురించి ఆలోచింపజేసేది ఈ దారిలో మరొకటి కూడా ఉంది: కొత్తపేటలో అష్టలక్ష్మి ఆలయం వెలసిన వాసవీ కాలనీ పేరు వినగానే, వాసవీ కన్యకా పరమేశ్వరిని కులదేవతగా కొలిచే ఆర్యవైశ్యులు గుర్తుకు వస్తారు.

జన్యువు అంటే ఒక ప్రోటీన్‌ను ఎలా కట్టాలో డీఎన్‌ఏలో నాలుగు రకాల రసాయన అక్షరాలతో ఉన్న రాత. ఆ రాతలో వచ్చే మార్పును ఉత్పరివర్తన అంటారు. అన్ని మార్పులూ కీడు చేయవు. కానీ మూడేసి అక్షరాలు ఒక్కో అమైనో ఆమ్లాన్ని సూచిస్తాయి గనుక, ఒక్క అక్షరం మారినా ఒక ఆమ్లం చోట మరొకటి చేరి ప్రోటీన్ పనితీరు దెబ్బతినవచ్చు. సికిల్‌సెల్ వ్యాధిలో ఎర్రకణం కొడవలిలా వంగడానికి ఇలాంటి మార్పే కారణం.

ఆర్యవైశ్యుల్లో కొందరికి ఉన్న మార్పు, కాలేయంలో తయారై రక్తంలో తిరిగే బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైముకు సంబంధించినది. దానిలో 307వ స్థానాన లూసిన్ అనే అమైనో ఆమ్లానికి బదులు ప్రోలీన్ ఉంటుందని 2006లో కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, వారి విదేశీ సహచరులు ప్రచురించారు. తల్లి నుంచీ తండ్రి నుంచీ మారిన ప్రతే సంక్రమించినా మనిషి ఆరోగ్యంగానే పెరుగుతాడు, దుకాణం నడుపుకుంటాడు, మనవలను ఎత్తుకుంటాడు. శస్త్రచికిత్సకు ముందు కండరాలను వదులు చేసే సక్సినైల్‌కోలిన్ ఇచ్చిన రోజున మాత్రం, ఈ ఎంజైము కొద్ది నిమిషాల్లో విచ్ఛిన్నం చేయవలసిన ఆ మందు గంటల తరబడి నిలిచి ఊపిరి కండరాలను సైతం కదలనివ్వదు గనుక, అంతసేపూ వెంటిలేటరే శ్వాస నడపవలసి వస్తుంది.

ఇందులో ఎవరి తప్పూ లేదు. సీసీఎంబీకి చెందిన కె. తంగరాజ్, లాల్జీ సింగ్ పాల్గొన్న 2009 నాటి అధ్యయనం, ఆర్యవైశ్యులు రెండు వేల ఏళ్లకు పైగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటున్నారని తేల్చింది. గోత్రాలు వేరైనా మూలపురుషులు కొద్దిమందే అయినప్పుడు, వారిలో ఒకరికి ఉన్న అరుదైన మార్పు తరాలు గడిచేకొద్దీ ఎందరికో పంపిణీ అవుతుంది. తమలో తామే వియ్యమందే ఏ వర్గానికైనా ఇది వర్తిస్తుంది.

ఆర్యవైశ్య కుటుంబాలవారు ఆపరేషన్‌కు ముందు మత్తు వైద్యుడికి తమ వర్గం సంగతి, బంధువుల్లో ఎవరికైనా మత్తు తర్వాత ఊపిరి ఆలస్యంగా అందుకున్న సంగతి దాచకుండా చెప్పాలి. ఎంజైము స్థాయిని రక్తపరీక్ష తెలుపుతుంది, ఆ మందుకు బదులు వాడదగినవీ ఉన్నాయి.