ఎర్రనీళ్ళ చెంబు

తొమ్మిదో ఏడు నిండేదాకా నేను రాత్రిళ్ళు పక్క తడిపేవాణ్ణి. డెబ్బై దాటినవాడు, అందులోనూ నలభై ఏళ్ళు వైద్యం చేసినవాడు ఈ మాటను పదిమందికీ తెలిసేలా వ్రాయడమెందుకని మా ఇంట్లోనే ఒక ప్రశ్న వచ్చింది. జవాబు ఈ వ్యాసం చివరికి పాఠకులకే బోధపడుతుందని ఆశిస్తున్నాను. ముందు కథ చెబుతాను.

1960 వేసవి. మా పిన్ని పెళ్ళి. అమ్మమ్మగారి ఊరు కోనసీమలో ఒక చిన్న పల్లె. వాకిలి నిండా తాటాకు పందిరి, పెరట్లో గాడిపొయ్యి, వీధి అరుగు మీద సన్నాయి మేళం వాళ్ళు. మగపెళ్ళివారు ముందురోజు సాయంత్రమే దిగారు. వారికి ఎదురింట్లో విడిది. పెళ్ళికొడుకు మేనల్లుడు ఒకడు, నా ఈడువాడే, పట్టణం పిల్లవాడు, తెల్లటి సిల్కు చొక్కా తొడుక్కుని వచ్చాడు. గంటలో మాకు స్నేహం కుదిరింది. రాత్రి విడిదికి వెళ్ళనని మొండికేసి, మా పిల్లల గుంపుతోపాటు వసారాలో పరిచిన పెద్ద జంపఖానా మీద, సరిగ్గా నా పక్కనే పడుకున్నాడు.

ఇంట్లో ఉన్నంతకాలం నా లోపం ఇంటి గుట్టుగానే ఉండేది. అమ్మ నాకు వేరే చాప, దాని మీద పాత బొంత వేసేది. తెల్లవారగానే ఆ బొంతను పెరట్లో ఎవరికీ కనబడని చోట ఆరవేస్తూ, "ఇంత వయసు వచ్చినా సిగ్గు లేదురా నీకు!" అని పళ్ళు బిగపట్టి తిట్టేది. పెళ్ళికి బయలుదేరే ముందు నన్ను దేవుడి గదిలోకి తీసుకెళ్ళి ఒట్టు వేయించుకుంది. "మగపెళ్ళివారి ముందు నా పరువు తీయకు." నేను ఒట్టు వేశాను. ఆ రాత్రి నిద్రపోకుండా ఉండాలని కూడా నిశ్చయించుకున్నాను. కాని పెళ్ళివారికి కలిపిన పానకం నాలుగు గ్లాసులు తాగి, పందిరి గుంజల చుట్టూ రాత్రి పదింటి దాకా పరుగెత్తిన పిల్లవాడి నిశ్చయం ఎంతసేపు నిలుస్తుంది?

ఇంకా చీకటి ఉండగానే మెలకువ వచ్చింది. జరగవలసింది జరిగిపోయింది. జంపఖానా తడిసింది, నా లాగు తడిసింది, అన్నిటికన్నా ఘోరం, పక్కవాడి సిల్కు చొక్కా అంచు కూడా తడిసింది. గుండె దడదడలాడింది. అప్పుడు నా ఏడేళ్ళ బుర్రకు ఒక మహత్తరమైన ఉపాయం తట్టింది. దీని మీద నీళ్ళు ఒలకబోస్తే? ఎవరో మంచినీళ్ళ చెంబు తన్నేశారని అందరూ అనుకుంటారు. పిల్లిలా లేచి వెళ్ళి, గుమ్మం పక్కన చేతికి తగిలిన ఇత్తడి చెంబు తెచ్చి, ఉన్నదంతా జంపఖానా మీద ధారాళంగా కుమ్మరించాను. సాక్ష్యంగా ఉంటుందని చెంబును అక్కడే పక్కకు దొర్లించి, కళ్ళు మూసుకుని పడుకున్నాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

ఆ చెంబులో ఉన్నవి మంచినీళ్ళు కావు. ఉదయం పెళ్ళికొడుకు గుమ్మంలో అడుగుపెట్టినప్పుడు దిష్టి తీయడానికి అమ్మమ్మ రాత్రే కలిపి ఉంచిన ఎర్రనీళ్ళు. పసుపూ సున్నమూ కలిస్తే ఎంత ఎరుపు వస్తుందో తెలుగు పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

తెల్లవారింది. పిల్లవాణ్ణి వెతుక్కుంటూ విడిది నుంచి వాడి తల్లి వచ్చింది. వసారాలోకి తొంగిచూసి ఒక్క కేక పెట్టింది. ఎర్రటి మడుగు మధ్య కొడుకు పడి ఉన్నాడు, తెల్ల చొక్కా సగం ఎర్రబడింది. "అయ్యో, నా బిడ్డ! రక్తం!" సన్నాయి ఆగిపోయింది. వంటవాళ్ళు గరిటెలతో పరుగెత్తుకొచ్చారు. మేనల్లుడు నిద్రలేచి తన చొక్కా చూసుకుని, తాను చచ్చిపోయానేమోనన్న అనుమానంతో భోరుమన్నాడు. నేను ఇంకా నిద్ర నటిస్తూనే ఉన్నాను. అందుచేత నాకు ఇంకా పెద్ద దెబ్బ తగిలి స్పృహ తప్పిందని మా మేనత్త శోకాలు మొదలుపెట్టింది.

పెళ్ళికి వచ్చినవారిలో ఆ ఊరి ఎల్.ఎం.పి. డాక్టరుగారు ఉన్నారు. పెద్దాయన, పంచెకట్టు, చేతిలో వేపపుల్లతోనే వచ్చారు. మేనల్లుడి తల తడిమి చూశారు, పొట్ట నొక్కి చూశారు. తరువాత వేళ్ళకు అంటిన ఎరుపును చూసుకున్నారు. నా వైపు తిరిగి నాడి పట్టుకున్నారు. తడిసిన నా లాగు మీద ఆయన చూపు ఒక్క క్షణం ఆగింది. నేను ఒక కన్ను కొద్దిగా తెరిచాను. ఇద్దరి చూపులూ కలిశాయి. నా పని అయిపోయిందనుకున్నాను.

ఆయన లేచి నిలబడి, "దెబ్బా లేదు, రక్తమూ లేదు. దిష్టినీళ్ళు ఒలికాయి, అంతే. రెండువైపుల పిల్లలకూ ఒకేసారి దిష్టి పోయింది, శుభమే," అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. నవ్వినవాళ్ళు చెంబును చూసి నవ్వారు, నన్ను చూసి కాదు. ఆ తేడా ఎంత గొప్పదో అప్పుడు నాకు తెలియదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన అమ్మమ్మనూ అమ్మనూ పెరటివైపు పిలిచారు. నేను తలుపు చాటున నిలబడ్డాను. "అమ్మగారూ, మీ ఇంట్లో ఇంకెవరికైనా చిన్నతనంలో ఈ అలవాటు ఉండేదా?" అని మెల్లగా అడిగారు. అమ్మమ్మ తడుముకోకుండా, "ఎవరికో ఏమిటి నాయనా, వీడి తల్లికే! పదో ఏడు వచ్చేదాకా దాని పక్కబట్టలు ఉతకలేక నా చేతులు పడిపోయాయి," అంది. అమ్మ ముఖం చూశాను. అంతవరకు నన్ను తిట్టిన ముఖం కాదది. దొరికిపోయిన పిల్ల ముఖం. ఆమె కొంగుతో నోరు కప్పుకుంది. ముందు ఏడుస్తోందనుకున్నాను, తరువాత నవ్వుతోందని అర్థమైంది. ఆ రోజు తరువాత అమ్మ నన్ను ఆ విషయంలో ఒక్క మాట అనలేదు. మరో రెండేళ్ళకు ఆ అలవాటు దానంతట అదే పోయింది.

ఆ డాక్టరుగారు అడిగిన ప్రశ్న ఎంత సరైనదో వైద్యకళాశాలలో చేరిన తరువాత గాని నాకు తెలియలేదు. తల్లిదండ్రులలో ఒకరికి చిన్నతనంలో ఈ సమస్య ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం నూటికి 40 పైచిలుకు, ఇద్దరికీ ఉంటే నూటికి 70 పైచిలుకు. 1995లో డెన్మార్క్ పరిశోధకులు కొన్ని కుటుంబాలను పరీక్షించి, దీనికి 13వ క్రోమోజోమ్‌తో సంబంధం ఉందని చూపారు. అంటే ఇది పెంపకంలో లోపం కాదు, బద్ధకం కాదు, పొగరు అసలే కాదు.

దీని వెనుక మూడు సంగతులుంటాయి. మొదటిది, రాత్రిపూట మూత్రం తక్కువగా తయారయ్యేలా చూసే వాసోప్రెసిన్ అనే హార్మోను కొందరు పిల్లలలో రాత్రివేళ తగినంతగా పెరగదు. రెండవది, కొందరి మూత్రాశయం కొద్దిపాటి మూత్రానికే ముడుచుకుంటుంది. మూడవది, మూత్రాశయం నిండిన కబురు మెదడుకు చేరినా వారికి మెలకువ రాదు. మలబద్ధకం ఉంటే నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కి సమస్యను పెంచుతుంది. అయిదేళ్ళలోపు పక్క తడపడం జబ్బే కాదు. అయిదేళ్ళ వయసులో సుమారు నూటికి 15 మంది, పదేళ్ళ వయసులో సుమారు అయిదుగురు ఇలా ఉంటారు. మగపిల్లలలో ఎక్కువ. ఏ చికిత్సా లేకుండానే ఏటా వీరిలో నూటికి 15 మందికి తగ్గిపోతుంది.

ఇంట్లో చేయవలసినవి కష్టమైనవి కావు. పగలు నీళ్ళు బాగా తాగించాలి, పడుకునే ముందు రెండు గంటలు తగ్గించాలి. సాయంత్రం టీ, కాఫీ, కూల్‌డ్రింకులు వద్దు. నిద్రకు ముందు తప్పక మూత్రానికి పంపాలి. మలబద్ధకం ఉంటే ముందు దానిని సరిచేయాలి. పక్క పొడిగా ఉన్నందుకు బహుమతి ఇవ్వకండి, అది పిల్లవాడి చేతిలో లేని పని. పడుకునే ముందు మూత్రానికి వెళ్ళినందుకు, పొద్దున్న దుప్పటి తీయడంలో సాయపడినందుకు మెచ్చుకోండి. ఆరేడేళ్ళు దాటినా తగ్గక, పిల్లవాడు బాధపడుతుంటే వైద్యుణ్ణి కలవండి. తడి తగలగానే మోగే అలారం పరికరాలున్నాయి, రెండు మూడు నెలలు ఓపికగా వాడితే చాలామందికి గుణమిస్తాయి. డెస్మోప్రెసిన్ అనే మందు కూడా ఉంది. అది వేసుకున్న రాత్రి నీళ్ళ విషయంలో కచ్చితమైన నియమం పాటించాలి కనుక వైద్యుని సలహా లేకుండా వాడకూడదు.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయవద్దు. ఆరు నెలలకు పైగా పొడిగా ఉన్న బిడ్డ మళ్ళీ తడపడం మొదలుపెట్టడం, అతిదాహం, బరువు తగ్గడం, మూత్రంలో మంట, జ్వరం, పగటిపూట కూడా బట్టలు తడవడం, ధార సన్నగా రావడం, నిద్రలో పెద్దగా గురక, కాళ్ళలో బలహీనత. అతిదాహమూ బరువు తగ్గడమూ మధుమేహానికి తొలి సూచనలు కావచ్చు. ఆ పరీక్ష వెంటనే జరగాలి.

ప్రాక్టీసు చివరి సంవత్సరాలలో ఒక తండ్రి ఎనిమిదేళ్ళ కొడుకును తీసుకొచ్చాడు. పిల్లవాడి తొడ మీద కాలిన మచ్చ. పక్క తడుపుతున్నాడని వాత పెట్టారు. పిల్లవాడు తల ఎత్తలేదు, ఎంత అడిగినా నోరు విప్పలేదు. ఆ తండ్రికి చెప్పవలసిన మాటలు తరువాత విడిగా, గట్టిగానే చెప్పాను. ముందు మాత్రం కుర్చీ వాడి దగ్గరకు జరుపుకుని, "నీకొక రహస్యం చెబుతాను, ఎవరికీ చెప్పకు," అని ఎర్రనీళ్ళ చెంబు కథ మొదలుపెట్టాను. సిల్కు చొక్కా దగ్గరికి వచ్చేసరికి వాడి పెదవి కదిలింది. "చచ్చిపోయాననుకున్నాడు" అన్నచోట ఫక్కున నవ్వాడు. నవ్వాగాక మొదటిసారి నా కళ్ళలోకి చూసి, "మీరు కూడానా డాక్టరుగారూ?" అని అడిగాడు.

నేను కూడా. మా అమ్మ కూడా. మీ ఇంట్లో పొద్దున్నే తడిసిన దుప్పటి దాచుకునే బిడ్డ ఉంటే, ఈ రాత్రి పడుకునే ముందు వాడి పక్కన కూర్చుని మీ చిన్నతనపు కథ ఏదైనా, మీరు సిగ్గుపడినదే, ఒకటి చెప్పండి. మీ దగ్గర కథ లేకపోతే నాది చెప్పండి. ఎర్రనీళ్ళు ఎప్పుడో ఆరిపోయాయి, నాకేమీ అభ్యంతరం లేదు.