ఉమ్రి రైలులో జర్మన్ పాఠం

వాడుక జర్మన్ పుస్తకంలోని జర్మన్‌లా వినిపించదు. 'ఇష్ హాబె' వీధిలో 'ఇష్ హాబ్' అవుతుంది. 'ఇస్ట్' చివరి ట రాలిపోయి 'ఇస్' అవుతుంది, 'నిష్ట్' కూడా 'నిష్' అయిపోతుంది. ఈ రాలుడు ఎలాంటిదో తెలియాలంటే నాందేడ్ జిల్లా ఉమ్రిలో సికింద్రాబాద్ వైపు రైలెక్కితే చాలు.

1956 దాకా ఉమ్రి హైదరాబాద్ రాష్ట్రంలోది. పెట్టెలో బేరాలు మరాఠీలో, ఇంటి కబుర్లు తెలుగులో సాగుతాయి. కర్ఖేలి దాటాక ఒక పెద్దమ్మ సంచి ఒళ్లోకి లాక్కుని, నిలబడి ఉన్న ఈ వ్యాసకర్తతో "కూసోరాదు బిడ్డా" అంది. పుస్తకంలోని 'కూర్చో' ఆమె నోట రాలి 'కూసో' అయింది. ఆ మాటలో ఆజ్ఞ లేదు, బతిమాలడమూ లేదు, చనువు ఉంది. ఉత్త 'కూసో'కు 'రాదు' తెచ్చిన ఆ మెత్తదనాన్నే జర్మన్‌లో 'డొఖ్' తెస్తుంది: 'సెట్స్ డిష్ డొఖ్'. "నువ్వు రావా?" అని అడిగితే "ఎందుకు రాను, వస్తా" అనడానికీ 'డొఖ్' ఒక్కటే సరిపోతుంది. 'మాల్' ఇంకా దగ్గరి చుట్టం. 'కొమ్ మాల్' అంటే అచ్చంగా 'ఓసారి రా'. ఈ చిన్న మాటలు లేని జర్మన్‌లో తప్పు ఉండకపోవచ్చు గానీ ముక్కుసూటిగా, బిరుసుగా వినిపిస్తుంది.

ధర్మాబాద్ తర్వాత బాసర. సరస్వతి గుడిలో అక్షరాభ్యాసానికి వచ్చే పిల్లలకు 'ఓసారి', 'రాదు' అప్పటికే నోట్లో ఉంటాయి. అక్షరం తర్వాత వస్తుంది. పెద్దయ్యాక జర్మన్ నేర్చేవారికి ఈ వరస తిరగబడుతుంది. అక్షరం ముందు, చెవి తర్వాత. కష్టమంతా అక్కడే.

గోదావరి వంతెన దాటి నిజామాబాద్. రైలు టైము చూసుకుంటుంటే గుర్తొస్తుంది: జర్మన్‌లో టైము చెప్పడంలోనూ చెవి మోసపోతుంది. 'హాల్ప్ డ్రాయ్' అంటే మూడున్నర కాదు, రెండున్నర: మూడో గంటలో సగం గడిచిందని లెక్క.

హైదరాబాద్‌లో గోథే జెంట్రుమ్ జర్మన్ నేర్పుతుంది. యూరప్ భాషల కొలత ఏ1 నుంచి సీ2 వరకు ఆరు మెట్లు. అవి ఎక్కినా ఊరి మాట మిగిలే ఉంటుంది. చిన్న రొట్టెను బెర్లిన్‌లో 'ష్రిప్పె' అంటారు, మ్యూనిక్‌లో 'జెమ్మెల్'. హాంబుర్గ్‌లో సాయంత్రం కూడా 'మోయిన్' అనే పలకరిస్తారు. వెళ్లే ఊరు ముందే తెలిస్తే ఆ ఊరి రేడియో పెట్టుకుని, ఒక్కో వాక్యం ఆపి, అదే లయలో, రాలిన అక్షరాలు రాలినట్టే పైకి అనాలి.