పండుగ ముందు ఐదు నిమిషాలు

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలూ ఆగమన కాలం. నిదానంగా ఎదురుచూడమని పెట్టిన రోజులవి. మా ఇంట్లో మాత్రం పరుగులే! పగలు ఆస్పత్రిలో ఓ.పి., సాయంత్రం చర్చిలో పాటల ప్రాక్టీసు, రాత్రి పన్నెండు దాకా ఇంటింటికీ క్యారల్స్. తిరిగొచ్చాక అరిసెల పాకం.

పోయిన డిసెంబరులో ఒకరోజు వార్డులోనే నాకు కళ్ళు తిరిగాయి. రక్తపోటు 170/100. నర్సు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "ఐదు నిమిషాలు మాట్లాడకండమ్మా, తర్వాత మళ్ళీ చూస్తాను. మీరు అందరికీ చెప్పేదే కదా" అంది. వీపు ఆనించి, పాదాలు నేలకు మోపి కూర్చున్నాను. నాలుగు రోజులుగా బి.పి. మాత్ర వేసుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది. అదే రోగి చేస్తే ఎంత కోప్పడేదాన్నో!

మాటలతో ప్రార్థన చేయలేదు. మొదట కేకుల లెక్క, పాటలో మరిచిపోయిన చరణం మనసులో తిరిగాయి. కాసేపటికి అవీ ఆగాయి. 'ప్రభువా, నేను లేకపోయినా నీ పండుగ జరుగుతుంది' అనుకున్నాను. దిగులు వేయలేదు, మోత దించుకున్నట్టుంది. మళ్ళీ చూస్తే 156/96.

అలాగని మౌనం మాత్రకు బదులు కాదండీ. పండుగ హడావుడిలో మాత్ర మానకండి. ఉప్పు తగ్గించండి, నిద్ర చెడగొట్టుకోకండి. ఛాతీలో నొప్పి వచ్చినా, మాట తడబడినా, ఒక చెయ్యి పట్టు తప్పినా వెంటనే ఆస్పత్రికి రండి. ప్రార్థన దారిలో చేసుకోవచ్చు.

ఈ ఏడు అరిసెలు కొనుక్కొస్తాను. మా అత్తగారికి ఇంకా చెప్పలేదు.