ఉక్కునగరానికి ఉత్తరాలు

స్టుట్‌గార్ట్, ఫిబ్రవరి

నాన్నా,

ఇల్లు దొరికింది, ఉద్యోగంలో చేరాను. అమ్మని కంగారు పడొద్దని చెప్పండి. ఈ దేశంలో దిగగానే చేయాల్సిన మొదటి పని మున్సిపల్ ఆఫీసుకెళ్లి చిరునామా నమోదు చేయించుకోవడం. అదయ్యాక పన్ను నంబరు పోస్టులో ఇంటికొస్తుంది. ఆ నంబరు కంపెనీకి చేరకపోతే జీతంలో పన్ను ఎడాపెడా కోసేస్తారు. నాది సమయానికే వచ్చింది.

ఊరంతా కొండవాలు. వీధికీ వీధికీ మధ్య రాతిమెట్లు. సింహాచలం మెట్లెక్కిన కాళ్లకి ఇదేం లెక్క కాదు. మా భవనంలో మెట్లు ఊడవడానికి పనిమనిషి లేదు. ఎవరి వంతైతే వాళ్ల తలుపుకి చిన్న పలక వేలాడుతుంది. ఆ వారం మెట్లు ఊడ్చి, తుడిచి, వారాంతంలో పలక తీసి పక్కింటి తలుపుకి తగిలించాలి. పై అంతస్తులో కర్ర పట్టుకుని నడిచే పెద్దావిడ కూడా తన వంతు తను చేసుకుంటుంది.

ఫోన్‌లో మీరు "ఆఫీసు ఎలా ఉందమ్మా" అంటే "బాగుంది" అని ఊరుకున్నాను. వివరంగా రాద్దామని. ఆరు నెలలు ప్రొబేషన్. ఈలోగా వాళ్లు వద్దనుకున్నా, నేను వద్దనుకున్నా రెండు వారాల నోటీసు చాలు. మా విభాగంలో పై అధికారిని కూడా పేరు పెట్టే పిలవాలి. నోటి చివరిదాకా వచ్చిన "మేడమ్"ని మింగేయడం ఇంకా అలవాటు కాలేదు.

గేటు దగ్గర కార్డు చూపిస్తే లెక్క మొదలవుతుంది. చట్టం ప్రకారం రోజుకి 8 గంటలు. అవసరమైతే 10 దాకా వెళ్లొచ్చు, కానీ ఆ ఎక్కువ గంటల్ని తర్వాత సర్దేయాలి. ఇవాళ పని ముగిశాక మళ్లీ మొదలుపెట్టడానికి మధ్యలో 11 గంటల విరామం ఉండి తీరాలి. మొన్నొక సాయంత్రం ఏడున్నర దాటినా సీట్లోనే ఉన్నాను. మా టీమ్ లీడ్ కోటు తొడుక్కుంటూ ఆగి, "పని ఎక్కువిచ్చానా? రేపు కూర్చుని తగ్గిద్దాం" అన్నాడు. హైదరాబాద్‌లో అదే టైముకి సీట్లో కనిపిస్తే "నువ్వు మా స్టార్‌వి" అనేవారు. నన్ను మెచ్చుకున్నాడో, నా మీద అనుమానపడ్డాడో ఇంటికొచ్చేదాకా తేల్చుకోలేకపోయాను.

మీ పెద్దమ్మాయి


స్టుట్‌గార్ట్, ఏప్రిల్

నాన్నా,

చలి తగ్గింది, చెట్లు పూశాయి. అమ్మ పంపిన కందిపొడి మాత్రం అయిపోయింది. ఇక్కడి వాళ్లకీ పప్పు ఇష్టమే. క్యాంటీన్‌లో పప్పు చూసి సంబరపడి ప్లేటు పట్టుకెళ్తే, దాని మీద రెండు సాసేజ్‌లు పెట్టి ఇచ్చారు. అవి పక్కకి తీసేయమంటే, పాపం, తీసేశారు.

ఈ నెల్లో నేను చూసిన ఒక మీటింగ్ గురించి చెప్పాలి. టెస్టింగ్ చూసే కుర్రాడొకడున్నాడు, నాకంటే చిన్నవాడు. విభాగాధిపతి ఎదురుగా కూచుని, "ఈ తేదీకి అవదు, ఇంకో మూడు వారాలు కావాలి" అన్నాడు. గొంతు పెంచలేదు, నసగలేదు, క్షమాపణ చెప్పలేదు. ఆవిడ "ఎందుకు?" అని అడిగింది. వేళ్ల మీద లెక్కపెట్టి కారణాలు చెప్పాడు. ఆవిడ కొత్త తేదీ రాసుకుని తర్వాతి విషయంలోకి వెళ్లిపోయింది. మేమైతే హైదరాబాద్‌లో "ట్రై చేద్దాం సార్" అని తలూపి, ఆ మాట నిలబెట్టడానికి శనాదివారాలు ఆఫీసుకి ధారపోసేవాళ్లం. తేదీ దాటిపోతుందని అందరికీ ముందే తెలుసు. చెప్పేవాడే ఉండడు.

ఆ తర్వాత నా పత్రం వంతు వచ్చింది. అదే కుర్రాడు, అందరి ముందూ, "ఇందులో మూడో భాగం పనికిరాదు" అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేనేం తప్పు చేశాను, నా మీద వీడికేం కోపం అని. మర్నాడు పదకొండున్నరకి నా బల్ల దగ్గరికొచ్చి "భోజనానికి వస్తావా?" అని పిలిచాడు. కోపం లేదు సరికదా, నిన్నటి మాట గుర్తున్నట్టే లేదు. బాగోలేదన్నది కాగితాన్నే, నన్ను కాదు. అర్థమైంది గానీ, ఒంటికి పట్టడానికి టైము పడుతుంది.

మధ్యలో జ్వరమొచ్చింది, ఇప్పుడు తగ్గింది. పొద్దున్నే ఫోన్ చేసి చెబితే "పడుకో" అన్నారు. మూడు రోజులు దాటితేనే డాక్టరు చీటీ కావాలి. అది కూడా 2023 నుంచి ఆన్‌లైన్‌లోనే వెళ్తుంది. అందులో రోజులుంటాయి గానీ రోగం పేరుండదు, అడిగే హక్కు కంపెనీకి లేదు. రెండోరోజు మంచం మీంచి ఒక మెయిల్‌కి జవాబిస్తే, "సిక్ లీవులో ఉన్నావు కదా, లాప్‌టాప్ ముయ్యి" అని తిరుగు జవాబొచ్చింది.

అన్నీ మంచివే అనుకోకండి. అయిదు కొట్టాక ఎవరి దారి వాళ్లది. "టీ తాగుదాం పద" అనేవాళ్లు లేరు. పెళ్లయిందా, జీతమెంత అని అడిగేవాళ్లూ లేరు. మొదట్లో హాయిగానే ఉంది. ఆదివారం కొట్లన్నీ మూసేసి, వీధిలో చర్చి గంటలు తప్ప ఇంకేం వినిపించనప్పుడు, ఎవరైనా వచ్చి అవన్నీ అడిగితే బాగుండుననిపిస్తుంది. ఇక్కడ స్నేహం చేయాలంటే ముందుగా తేదీ అనుకుని, క్యాలెండర్‌లో రాసుకోవాలి. నేనూ రాసుకోవడం మొదలుపెట్టాను.

మీ పెద్దమ్మాయి


డ్యూస్‌బర్గ్, మే

నాన్నా,

ఈ ఉత్తరం మీకోసమే. కస్టమర్ దగ్గర పనుండి రైన్ నది ఒడ్డున ఈ ఊరొచ్చాను. ఊళ్లో ఉక్కు ఇంకా కరుగుతూనే ఉంది. ఇవాళ శనివారం, ఒక పాత కర్మాగారం చూశాను. 1985లో దాన్ని మూసేశారు. పడగొట్టకుండా ఊరందరికీ పార్కు చేశారు. టికెట్ లేదు. అయిదో నంబరు బ్లాస్ట్ ఫర్నేస్ మీదికి ఇనుప మెట్లెక్కి వెళ్లాను. ఖనిజం నింపిన తొట్ల గోడల మీద పిల్లలు తాళ్లు కట్టుకుని పాకుతున్నారు. గ్యాస్ నిలవ చేసిన పెద్ద ట్యాంకులో నీళ్లు నింపి డైవింగ్ నేర్పుతున్నారు. వీళ్ల ఫర్నేస్‌లకి నంబర్లే. మన ఉక్కు ప్లాంటులోవాటికి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లున్నాయని తోటివాళ్లకి చెబితే, నమ్మలేదు. ఫోన్‌లో చూపించాల్సొచ్చింది.

మీ యూనియన్ మిత్రులకి పనికొచ్చే సంగతి ఒకటి. ఇక్కడ పెద్ద బొగ్గు, ఉక్కు కంపెనీల పర్యవేక్షక మండలిలో సగం స్థానాలు కార్మికులకివ్వాలని 1951లోనే చట్టం తెచ్చారు, అదీ గనుల్లో, కర్మాగారాల్లో సమ్మెకి సిద్ధపడ్డాకే. వారానికి 35 గంటల పని కావాలని 1984లో ఐజీ మెటాల్ యూనియన్ మా స్టుట్‌గార్ట్ వైపు వారాల తరబడి సమ్మె చేసింది. అది పూర్తిగా అమలయ్యేసరికి 1995 వచ్చింది. గేటు దగ్గర కార్డు చూపించేటప్పుడు ఇదంతా ఎవరో దయతలచి ఇచ్చారనుకున్నాను. కాదు. మీలాంటి వాళ్లు రోడ్డెక్కి తెచ్చుకున్నది.

కంపెనీలో ఉద్యోగుల తరఫున మాట్లాడే మండలికి నాలుగేళ్లకోసారి మార్చి, మే నెలల మధ్య ఎన్నికలు. ఈసారి మా ఆఫీసులో జరిగాయి. నా పాస్‌పోర్టు ఏ దేశానిదైనా, నిన్నగాక మొన్న చేరినా, ఓటుంది. నిలబడాలంటే మాత్రం ఆరు నెలల సర్వీసు కావాలట. ఓటేశాను. కార్ల పరిశ్రమలో ఉద్యోగాలు తగ్గిస్తున్నారన్న వార్తలు ఇక్కడ రోజూ వస్తున్నాయి. ఎవరిని తీసేస్తారన్న చర్చలో ఆ మండలి మాటకి బరువుంటుందని సీనియర్లు చెబుతున్నారు.

నాన్నా, సి షిఫ్టు దిగి పొద్దున ఇంటికొచ్చి మీరు హాయిగా నిద్రపోయేవారు. పని ఎలా వదిలేసి వచ్చేవారా అనుకునేదాన్ని. లాగ్ బుక్కులో అన్నీ రాసి, వచ్చినవాడికి అప్పగించి, సంతకం పెట్టించుకుని వచ్చేవారు కదా. ఇక్కడ సెలవు మీద వెళ్లే ప్రతివాళ్లూ అదే చేస్తారు. ఏ పని ఎక్కడిదాకా వచ్చింది, ఎవరు చూసుకుంటారు, తాళం ఎవరి దగ్గరుంది, అన్నీ రాసి, కూర్చోబెట్టి వివరించి వెళ్తారు. గచ్చిబౌలిలో నేను లేకపోతే ప్రాజెక్టు ఆగిపోతుందని గర్వపడేదాన్ని. ఇక్కడ అలా ఆగిపోతే మేనేజరు భయపడతాడు, ఆ పని ఇంకొకరికి నేర్పించే దాకా ఊరుకోడు. కొత్త దేశంలో కొత్త పద్ధతి నేర్చుకుంటున్నాననుకున్నాను. తీరా చూస్తే ఇది మన ఇంట్లో ఎప్పటినుంచో ఉన్నదే. మధ్యలో నేనే వేరే దారి పట్టాను.

ప్రొబేషన్ జూలై ఆఖరుకి అయిపోతుంది. ఆగస్టులో మూడు వారాలు వస్తున్నాను. అప్పగింత జాబితా అప్పుడే మొదలుపెట్టాను. లాప్‌టాప్ తేవడం లేదు. రాత్రి పదింటికి నాకు కాల్ ఉంటుందని అమ్మ ముందే వంట ముగించక్కర్లేదు.

మీ పెద్దమ్మాయి