ఆరిపోయిన దీపమాల

దీపావళినాటి సాయంకాలమున మా వసారాకు కట్టిన రంగుదీపముల మాల ఒక్కమారుగా ఆరిపోయినది. అరుగుమీద అత్తగారు పెట్టిన ప్రమిదలు మాత్రము వెలుగుచునే యుండెను. వానిలో ఒకటి రెండు గాలికి కొండెక్కినను తక్కినవానికి నిమిత్తము లేదు. మా మాల సంగతి యట్లు గాదు. ఒకటి చెడిన అన్నియు చెడినట్లే.

సోదరీమణులారా! 1882వ సంవత్సరమున న్యూయార్కు నగరమున ఎడిసను సహచరుడైన ఎడ్వర్డు జాన్సను తన యింటి క్రిస్మసు చెట్టునకు 80 విద్యుద్దీపముల నమర్చెను. నేడు మన దీపావళికిని, పెండ్లిపందిళ్లకును ఇట్టి దీపములు లేనిదే ముచ్చట తీరుట లేదు. మనము సీరియల్ సెట్టు అని పిలుచునది ఇదియే. ఆ పేరులోనే దాని గుణ మున్నది. బల్బులన్నియు ఒకే దారమున గ్రుచ్చిన పూసలవలె వరుసగా నుండును. విద్యుత్తు ఒకదానిగుండ పోయినగాని రెండవదానికి చేరదు. మా మాలలో 40 బల్బులు, ఒక్కొక్కటి 6 వోల్టులది. ఇంటికి వచ్చు 230 వోల్టులను అవి సమముగా పంచుకొనును.

చీకటి పడుచున్నది, ఇంటికి వచ్చువారి యెదుట చిన్నతన మగునని మాకు తొందర. ఏది కదిలించిన మరల వెలుగునో తెలియునుగదా యని, ప్లగ్గు తీయకయే ఒక్కొక్క బల్బును పెరికి మరల గ్రుచ్చసాగితిమి. ఎనిమిదేండ్ల మా అమ్మాయి రెండవకొన పట్టుకొని సాయము చేయుచుండెను. మధ్యాహ్నపు వానకు వసారా బండలు తడిసి యున్నవి. అది ఒక బల్బును తీసి, ఖాళీ హోల్డరులో తుప్పు గీకెదనని జడపిన్ను చేతబట్టినది. సరిగా అప్పుడే పాలిటెక్నిక్కు చదువుచున్న పొరుగింటి అబ్బాయి మిఠాయి పళ్లెముతో వచ్చి, "పిన్నిగారూ! ముందు ప్లగ్గు లాగివేయండి!" అని కేకవేసెను.

ప్లగ్గు లాగి, "ఆరిన దీపాలకు భయమేమి, నాయనా?" యంటిమి.

"వెలుగుతున్నప్పుడు ఒక్కొక్క బల్బు పంచుకొనేది ఆరు వోల్టులే. వరుస తెగితే మొత్తం 230 వోల్టులూ ఆ తెగినచోటే కాచుకొని ఉంటాయి. ఖాళీ హోల్డరులో వేలు పెట్టరాదు" అనెను. అమ్మాయి చేతిలోని పిన్నును చూచి మా కాళ్లు చల్లబడినవి.

అతడు మీటరు తెచ్చి, ప్లగ్గు కాలినుండి ఇరువదవ హోల్డరు వరకు దారి యున్నదా యని చూచెను, ఉన్నది. కావున తప్పు రెండవ సగమున నున్నది. ఇట్లు సగము సగముగా విడదీసికొనిపోయిన 40 బల్బులకు ఆరు పరీక్షలకు మించి అక్కరలేదట. దొరికినది 27వది. అది మాడలేదు, దాని సన్నని తీగకాలు ఒకటి హోల్డరులోనికి పోక పైకి మడిగి యున్నది. అంతవరకు దుకాణదారుని నిందించినందుకు సిగ్గుపడితిమి. కాలు సరిచేసి అమ్మాయిచేతనే గ్రుచ్చించి, చేతులు తీసినపిదప ప్లగ్గు పెట్టగా మాల వెలిగినది.

మీటరు లేనివారు ప్లగ్గు తీసి, నల్లబడిన బల్బులను, వంగిన కాళ్లను వెదకి, మంచి బల్బును ఒక్కొక్కచోట మార్చి చూడవలెను. మార్చిన ప్రతిమారును చేయి తీసినపిదపనే ప్లగ్గు పెట్టవలెను. చెడిన బల్బునకు బదులు వెండికాగితము కుక్కుట పనికిరాదు. దాని పాలి భారము తక్కినవానిపై పడి అవియు త్వరగా మాడును. తీగను ఎలుక కొరికినను, కాలినను, ఆ మాలను పారవేయుటయే మేలు. గోడ ప్లగ్గునకు నేరుగా తగిలించు ఎల్.ఇ.డి. మాలల విషయమునను ఇదే జాగ్రత్త వలయును.

ఆరిన ప్రమిదను ముట్టిన వ్రేలికి మసి అంటును, అంతియే. ఆరిన యీ మాలను అట్లు నమ్మరాదు. నాటినుండి మాల బాగుచేయునపుడు ప్లగ్గును మా యొడిలో నుంచుకొనుట నియమ మైనది. ఈ యేడు పెట్టెలోనుండి మాలను తీయగనే మా అమ్మాయి మొదట అడిగినమాట: "అమ్మా, ప్లగ్గు నీ ఒడిలో ఉందా?"