ఎడమకు లాగిన జీపు

కాలువగట్టు మీదుగా రోగులను ఆసుపత్రికి చేర్చు మా పాత జీపు ఎడమకు, అనగా నీటివైపునకే, లాగసాగెను. స్టీరింగు బిగబట్టుట దానికి మందు కాదు గదా!

గట్టినేలపై నాలుగు చక్రముల గేరు స్టీరింగును బిగించును గనుక దానిని తీసి పరీక్షించితిమి. గాలి సరిగానే యున్నది. ముందరి టైర్లను ఇటువి అటు మార్చితిమి. లాగుడు కుడికి మారినయెడల దోషము టైరుదే. మారలేదు. బ్రేకు వేయక కొంతదూరము నడిపి, చక్రములయొద్ద చేయి పెట్టగా ముందరి ఎడమ డ్రమ్ము మాత్రము నిప్పువలె నుండెను. తుప్పువలన సిలిండరులోని పిస్టను వెనుకకు రాక, బ్రేకు ఎల్లప్పుడును రాచుకొనుచుండెను.

సిలిండరు మార్చి, ఇరుప్రక్కల క్రొత్త లైనింగులు వేయగా బండి తిన్నగా సాగెను. మీ బండియు ప్రక్కకు లాగినచో గాలి, టైరు, బ్రేకు వరుసగా చూడుడి. లోనున్నవారి ప్రాణములు మీ చేతిలో నున్నవి.